తొణకడు, బెణకడు



పెళ్లిళ్లలో, పండగల్లో, నలుగురు స్నేహితులు చేరిన చోట ఒక మెచ్చుకోలు తరచుగా వినబడుతుంది. "వాడి కెపాసిటీ వేరండీ. ఫుల్ బాటిల్ లాగించినా తొణకడు, బెణకడు. లేచి మామూలుగా నడుచుకుంటూ వెళ్లిపోతాడు." పక్కనున్నవాళ్లు ఔరా అంటారు. రెండు పెగ్గులకే తూలిపోయేవాణ్ణి చూసి నవ్వుకుంటారు. ఇవాళ్టి ప్రసంగంలో మీతో చెప్పబోయేది ఒక్కటే మాట. ఆ ఇద్దరిలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడు తొణకనివాడే.

ఈ మాట డాక్టరు చెబితే మందులా చేదుగా ఉంటుంది. అందుకని నలుగురు సినిమా నటుల్ని తోడు తెచ్చుకుందాం. రిచర్డ్ బర్టన్, పీటర్ ఓటూల్, రిచర్డ్ హారిస్, ఆలివర్ రీడ్. ఒకరు వేల్స్ మనిషి, ఒకరు ఐర్లండ్ మనిషి, మిగతా ఇద్దరూ ఇంగ్లండులో పెరిగినవాళ్లు. 1950ల నుంచి 70ల దాకా బ్రిటన్ సినిమాను, నాటకాన్ని ఓ ఊపు ఊపారు. పత్రికలు వాళ్ల నటన గురించి ఎంత రాశాయో, తాగుడు గురించీ అంతే రాశాయి. బార్లలో కొట్లాటలు, అర్ధరాత్రి వీరంగాలు, మర్నాడు షూటింగులో పాట్లు, అన్నీ ముచ్చట్లయి అచ్చయ్యాయి. చదివితే నవ్వొస్తుంది, కాదనలేం. కాకపోతే ఆ ముచ్చట్లన్నీ సాయంత్రం మొదలై అర్ధరాత్రికి ముగిసిపోతాయి. తెల్లారాక ఆ ఇంట్లో ఏం జరిగిందో వాటిలో ఉండదు.

ముందు బర్టన్ సంగతి. రేడియోలో మాట్లాడుతూ ఆయన్ని ముందు తలుచుకోకపోతే తప్పు. ఆ గొంతు అలాంటిది.

1925 నవంబరు 10న వేల్స్‌లో పాంట్రిడివెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బొగ్గు గని కార్మికుడు. పదమూడు మంది పిల్లల్లో ఇతను పన్నెండోవాడు. రెండేళ్లు నిండకుండానే తల్లి పోయింది. పెళ్లయిన అక్క సెసీలియా పోర్ట్ టాల్బట్ అనే పట్నంలో తన ఇంటికి తీసుకెళ్లి పెంచింది. పుట్టినప్పటి పేరు రిచర్డ్ జెంకిన్స్. బళ్లో ఫిలిప్ బర్టన్ అనే మాస్టారు ఈ కుర్రాడి గొంతులో ఏముందో కనిపెట్టాడు. పలకడం నేర్పాడు, షేక్‌స్పియర్ నేర్పాడు, చివరికి చట్టప్రకారం సంరక్షకుడయ్యాడు. తన ఇంటిపేరు కూడా ఇచ్చాడు. గని కార్మికుడి కొడుకు అలా రిచర్డ్ బర్టన్ అయ్యాడు.

1954 జనవరి 25న బీబీసీ రేడియోలో 'అండర్ మిల్క్ వుడ్' అనే నాటకం వచ్చింది. వేల్స్ కవి డిలన్ థామస్ రాశాడు. ఒక సముద్రపుటొడ్డు పల్లె, ఒక రాత్రి, ఒక పగలు, అంతే కథ. అందులో కథ నడిపించే మొదటి గొంతు బర్టన్‌ది. రేడియో నాటకం అంటే ఇప్పటికీ ఇంగ్లీషువాళ్లు ముందు చెప్పే పేరు అదే.

ఆ ప్రసారం వినడానికి దాన్ని రాసిన కవి లేడు. అంతకు రెండున్నర నెలల ముందే, 1953 నవంబరు 9న, న్యూయార్కులో డిలన్ థామస్ చనిపోయాడు. వయసు 39. ఆ చివరి రోజుల్లో ఒక రాత్రి పద్దెనిమిది విస్కీలు వరసగా తాగానని గొప్పగా చెప్పుకున్నాడని ఒక కథ ఉంది. ఆ లెక్కలో అతిశయోక్తి ఉందని జీవితచరిత్రకారులు తర్వాత రాశారు. ఆయనకు అప్పటికే న్యుమోనియా ఉందనీ చెప్పారు. అయినా జనం న్యుమోనియాను గుర్తుపెట్టుకోలేదు, పద్దెనిమిదినే గుర్తుపెట్టుకున్నారు. తాగుడు కథలకు ఉన్న జబ్బే అది. అంకె పెద్దదైతే చాలు, మనిషి సంగతి మరుగున పడిపోతుంది.

బర్టన్ విషయంలోనూ అంకెలే మిగిలాయి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్ని సిగరెట్లు, ఎలిజబెత్ టేలర్‌కు ఎన్ని వజ్రాలు. 'క్లియోపాత్రా' షూటింగులో మొదలైన ఆ ప్రేమ 1964లో పెళ్లయింది, 1974లో విడాకులైంది. 1975లో ఆఫ్రికాలోని బోట్స్వానాలో మళ్లీ పెళ్లయింది, మరుసటి ఏడాదే మళ్లీ విడాకులైంది. ఆస్కార్‌కు ఏడుసార్లు పోటీలో నిలిచాడు, ఒక్కసారీ రాలేదు. ఎంత తాగినా సంభాషణ మర్చిపోడు, అడుగు తడబడదు అని రంగస్థలం మీద ఆయనకు పేరు. సరిగ్గా మన పెళ్లిళ్లలో వినబడే మెచ్చుకోలే.

1974లో 'ద క్లాన్స్‌మన్' అనే సినిమా తీశారు. ఉత్తర కాలిఫోర్నియాలో ఒరోవిల్ అనే ఊళ్లో షూటింగు. ఆ సమయానికి బర్టన్‌కు నిలబడటమే కష్టంగా ఉండేది. సినిమా పూర్తవుతూనే ఆసుపత్రిలో చేర్చారు. ఆ సినిమాలో నటించిన రోజులు తనకు సరిగ్గా గుర్తే లేవని తర్వాత ఆయనే అనేవాడు. ఆయనకు డైరీ రాసే అలవాటుంది. ఆ డైరీలు 2012లో పుస్తకంగా వచ్చాయి. మంచి రోజుల్లో పేజీలకు పేజీలు నిండి ఉంటాయి. ఏ పుస్తకం చదివాడో, ఎవరు భోజనానికొచ్చారో, ఎవరి మీద కోపమొచ్చిందో అన్నీ ఉంటాయి. 1975 దగ్గరికొచ్చేసరికి కొన్ని తేదీల కింద, తాగానని అర్థమిచ్చే ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు. పద్దెనిమిది విస్కీల కథ కన్నా ఆ ఖాళీ పేజీలే అసలు సంగతి ఎక్కువ చెబుతాయి.

1984 ఆగస్టు 5న స్విట్జర్లాండులో మెదడులో నరం చిట్లి బర్టన్ చనిపోయాడు. వయసు 58.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న రావాలి. "మా తాత రోజూ తాగేవాడు, ఎనభై దాటి బతికాడు కదా" అని. న్యాయమైన ప్రశ్న. బర్టన్ తండ్రి కూడా బాగా తాగేవాడే. 1957లో పోయాడు, 81 ఏళ్లు బతికి. కొడుకు 58కే పోయాడు. ఇద్దరి ప్రాణం తీసిందీ మెదడులో రక్తస్రావమే. ప్రతి ఊళ్లోనూ అలాంటి తాత ఒకడుంటాడు. ఎనభై దాటాడు కాబట్టే ఆయన గురించి చెప్పుకుంటున్నాం. నలభై ఐదుకే పోయినవాళ్లు ఎంతమందో ఆ ఊళ్లో ఎవరూ లెక్కపెట్టరు.

సరే, తొణకకపోవడం ఎందుకు ప్రమాదం?

పాత ఇళ్లలో మెయిన్ స్విచ్ దగ్గర పింగాణీ ఫ్యూజులుండేవి, గుర్తుందా? లోడు ఎక్కువైతే సన్నటి తీగ కరిగిపోయి ఇల్లంతా చీకటి. చిరాకేసేది. అప్పుడెవరో తెలివైనవాడు వచ్చి, లావుపాటి రాగి తీగ చుట్టి పెట్టేవాడు. ఇక ఫ్యూజు పోదు. మోటారు, గీజరు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి వేసినా లైటు ఆరదు. ఇంట్లోవాళ్లకు సంతోషం. గోడలోపల వైరు మాత్రం వేడెక్కి, పైనున్న తొడుగు కమిలిపోతూ ఉంటుంది. అది బయటికి కనిపించదు.

తూలడం, నాలుక మడతపడటం, వాంతి రావడం, నిద్ర ముంచుకురావడం, ఇవన్నీ ఆ సన్నటి ఫ్యూజు తీగలాంటివి. ఇక చాలు అని శరీరం చెప్పే మాట అది. మనిషి రోజూ తాగుతూ పోతే మెదడు సర్దుకుంటుంది. మద్యం మెదడును మందగింపజేస్తుంది కాబట్టి, మెదడు దానికి ఎదురొత్తిడి పెట్టి తన పని తాను చేసుకోవడం నేర్చుకుంటుంది. కాలేయం కూడా మద్యాన్ని కొంచెం వేగంగా విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. దాంతో రెండు పెగ్గులకు తూలినవాడు ఐదింటికి గానీ తూలడు. కానీ తాగింది ఐదు. కాలేయం మోయాల్సింది ఐదు. క్లోమగ్రంథి, గుండె, రక్తనాళాలు, వాటన్నిటికీ అందింది ఐదు. అవి మెదడులా సర్దుకోవు. పైగా కాలేయం మహా ఓర్పుగలది. బాగా చెడేదాకా నొప్పి అని కూడా అనదు.

అందుకే మళ్లీ అదే మాట. ఎక్కువ తాగినా ఎక్కనివాడు గట్టివాడు కాదు. వాడి ఫ్యూజు పని చేయడం మానేసింది.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెదడు ఎదురొత్తిడి పెట్టి ఉందన్నాం కదా. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే, ఆ ఒత్తిడి అలాగే ఉండిపోతుంది. చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం, పలవరింతలు రావచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. పంతం పట్టి, గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నాలు ఇళ్లలో చేస్తుంటారు. చేయకండి. రోజూ తాగేవాడు మానాలంటే డాక్టరు చూస్తుండగా మానాలి. దానికి మందులున్నాయి.

ఇప్పుడు పీటర్ ఓటూల్ దగ్గరికొద్దాం. 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'తో ఒక్క దెబ్బకు ప్రపంచం మొత్తానికీ తెలిసిపోయాడు. రెండేళ్లకు బర్టన్‌తో కలిసి 'బెకెట్'లో చేశాడు. ఓటూల్ రాజు, బర్టన్ రాజుగారి స్నేహితుడు. రాజు స్నేహితుడి వేలికి ఉంగరం తొడిగే సన్నివేశం ఒకటుంది. ముందురోజు మొదలైన తాగుడు ఇంకా దిగకపోవడంతో, ఎంతకీ ఉంగరం వేలికి ఎక్కలేదని ఆ తర్వాత వాళ్లే చెప్పుకుని నవ్వుకునేవారు.

1970ల నడుమకొచ్చేసరికి ఆ నవ్వు ఆపరేషన్ బల్ల మీదికొచ్చింది. ఓటూల్ క్లోమగ్రంథిని, పొట్టలో పెద్ద భాగాన్ని తీసేయాల్సి వచ్చింది. బతికి బయటపడ్డాడు గానీ మధుమేహం మిగిలింది. ఇన్సులిన్ సూది తప్పలేదు, మందు మానక తప్పలేదు.

మానేశాక అన్నీ చక్కబడ్డాయా అంటే, లేదు. 1980లో లండన్ ఓల్డ్ విక్ థియేటర్లో 'మాక్‌బెత్' వేస్తే విమర్శకులు ఉతికి ఆరేశారు. అదేం గొడవో చూద్దామని జనం ఎగబడి టికెట్లు కొన్నారు, అది వేరే సంగతి. కానీ అదే ఏడాది వచ్చిన 'ద స్టంట్ మ్యాన్'కు ఆస్కార్ పోటీలో నిలిచాడు. 1982లో వచ్చిన 'మై ఫేవరెట్ ఇయర్' మరీ తమాషా. అందులో ఆయన వేసింది నిత్యం తాగి ఉండే ఒక వెనకటి సినిమా హీరో వేషం. నిజంగా తాగిన రోజుల్లో కాదు, మానేశాక వేశాడు ఆ వేషం. దానికీ ఆస్కార్ పోటీలో పేరొచ్చింది. మొత్తం ఎనిమిదిసార్లు ఆ పోటీలో నిలిచి, ఒక్కసారీ గెలవలేదు. 2003లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 2013 డిసెంబరు 14న 81 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మందు పడితేనే నటన పండుతుందని నమ్మేవాళ్లకు మన దగ్గరే ఒక మంచి సాక్ష్యం ఉంది. 1953లో వచ్చిన 'దేవదాసు'లో అక్కినేని నాగేశ్వరరావు గారి తాగుబోతు వేషం మీ అందరికీ తెలుసు. ఆ బరువెక్కిన కళ్లు, ఆ సోలిన చూపు కోసం ఆయన రాత్రిపూట షూటింగు పెట్టించుకుని, ముందు కడుపునిండా పెరుగన్నం తినేవారు. ఆ సంగతి ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. తెలుగు తెర మీద అందరికన్నా పేరుమోసిన తాగుడు, నిజానికి పెరుగన్నం మత్తు.

నవ్వొచ్చే ఆ ముచ్చట్లలో మొదటి నుంచీ కనిపించని మనుషులు కొందరున్నారు. వాళ్ల ఇంట్లోవాళ్లు. ఓటూల్ భార్య షాన్ ఫిలిప్స్ కూడా వేల్స్‌లో పుట్టిన గొప్ప నటి. 'ఐ, క్లాడియస్' అనే టీవీ నాటకంలో లివియా పాత్రతో ఆమెకు వచ్చిన పేరు తక్కువది కాదు. 1959లో పెళ్లయింది, 1979లో విడాకులయ్యాయి. ఆ ఇరవై ఏళ్లు ఎలా గడిచాయో ఆమె తన ఆత్మకథలో రాసింది. బార్‌లో కూర్చుని చెప్పే కథకూ, ఇంట్లో కూర్చుని ఎదురుచూసినవాళ్లు చెప్పే కథకూ ఎంత తేడా ఉంటుందో తెలియాలంటే ఆమెను చదవాలి. వీళ్ల గురించి అచ్చయిన పుస్తకాలు మొదటి రకం కథల్నే ఎక్కువ అమ్ముకున్నాయి.

మిగిలింది హారిస్, రీడ్. ఈ ఇద్దర్నీ కలిపి తలుచుకుని మొదలుపెడదాం. చివర్లో ఇద్దరూ ఒకే సినిమాలో ఉన్నారు. 2000లో వచ్చిన 'గ్లాడియేటర్'. మీలో చాలామంది చూసే ఉంటారు. ముసలి చక్రవర్తి మార్కస్ అరేలియస్‌గా హారిస్. బానిస యోధుల్ని కొని ఆడించే ప్రాక్సిమోగా రీడ్.

హారిస్ 1930లో ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టాడు. రగ్బీ ప్రాణం. క్షయ వచ్చి మంచం పట్టడంతో ఆట పోయింది, నాటకం వచ్చింది. తాగుడులో మిగతా ముగ్గురికీ తీసిపోడు. 1981లో, యాభై దాటాక, ఆపేశాడు. చాలాకాలం తర్వాత అడపాదడపా ఒక గ్లాసు గిన్నిస్ బీరు ముట్టాడు గానీ, పాత దారికి వెళ్లలేదు. అలా ఒక గ్లాసు దగ్గర ఆగగలగడం అందరివల్లా అయ్యే పని కాదు, దాన్ని ఆదర్శంగా తీసుకోకండి. ఆ మానేసిన తర్వాతి ఇరవై ఏళ్లలోనే 'ద ఫీల్డ్', 'అన్‌ఫర్గివెన్', 'గ్లాడియేటర్' వచ్చాయి. ఇప్పటి పిల్లలకైతే ఆయన హ్యారీ పాటర్ మొదటి రెండు సినిమాల్లోని డంబుల్‌డోర్ తాత. 2002 అక్టోబరు 25న, 72 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి లండన్‌లో సవాయ్ హోటల్లో ఉండేవాడు. స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్తుంటే, దీనికంతటికీ ఇక్కడి తిండే కారణమని అక్కడి జనం వినేలా జోకు వేశాడని చెబుతారు.

ఆలివర్ రీడ్ మాత్రం ఆగలేదు. ఆపనివ్వలేదు అని కూడా అనొచ్చు. 1968లో 'ఆలివర్!' సినిమాలో బిల్ సైక్స్ అనే దుర్మార్గుడిగా భయపెట్టిన నటుడు. 80లు, 90లు వచ్చేసరికి టీవీవాళ్లు ఆయన్ని నటన కోసం పిలవడం తగ్గించి, తాగి ఏదో ఒకటి చేస్తాడని పిలవడం మొదలుపెట్టారు. 1991 జనవరిలో బ్రిటన్ ఛానల్ 4లో ఒక ప్రత్యక్ష చర్చా కార్యక్రమం. కెమెరాల ముందే తాగాడు. పక్కన కూర్చున్న రచయిత్రి కేట్ మిల్లెట్ మీద పడి ముద్దు పెట్టాడు. తోటి అతిథులే వెళ్లిపొమ్మన్నారు. ఆ వీడియోను సరదా క్లిప్పుగా ఇప్పటికీ చూస్తున్నారు. చూస్తే అందులో సరదా ఏముందో అర్థం కాదు. ఒక జబ్బు మనిషి, ఇబ్బందిపడుతున్న ఒక ఆడమనిషి, నడుస్తున్న కెమెరా.

'గ్లాడియేటర్' షూటింగు మాల్టా దీవిలో జరుగుతోంది. 1999 మే 2. ఆదివారం, షూటింగు లేదు. రాజధాని వలెట్టాలో ఒక చిన్న బార్. ఒడ్డుకొచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక నావికులు అక్కడున్నారు. వయసులో తనకన్నా ఎంతో చిన్నవాళ్లయిన ఆ కుర్రాళ్లతో రీడ్ పోటీపడి తాగాడు. చేతులు కలిపి బలం చూపించే పందేలు వేశాడు. నావికులు లేచి వెళ్లిపోయారు. కాసేపటికి రీడ్ కుప్పకూలాడు. గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. వయసు 61. మిగిలిన సన్నివేశాల్ని మరో మనిషితో తీసి, కంప్యూటర్‌లో రీడ్ ముఖం అతికించి సినిమా పూర్తి చేశారు. ఆ పాత్రకు చనిపోయాక బ్రిటన్ బాఫ్తా అవార్డుల పోటీలో ఆయన పేరు చేరింది. అంతకు చాలా ఏళ్ల ముందే రావాల్సిన గుర్తింపు అది.

ఆ రోజు ఆ బార్‌లో ఉన్నవాళ్లకు అక్కడ ఒక ప్రమాదం జరగబోతోందని అనిపించి ఉండదు. కుర్రాళ్లను మించి తాగుతూ నిటారుగా కూర్చున్న ఒక బలమైన మనిషి కనిపించి ఉంటాడు, అంతే.

అందుకని శ్రోతలు ఒక చిన్న పని చేయాలి. మీ ఇంట్లో తాగే మనిషి ఉంటే, వారానికెన్ని రోజులు, ఎంత అని అడగడంతో పాటు, ఇంకొక్క ప్రశ్న అడగండి. "మూడేళ్ల కిందట ఎంతకు ఎక్కేది? ఇప్పుడెంతకు ఎక్కుతోంది?" రెండు ఇప్పుడు నాలుగైతే, డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు అదే. తూలి పడేదాకా, కళ్లు పచ్చబడేదాకా ఆగొద్దు. కాలేయం సంగతి తెలుసుకునే రక్తపరీక్ష చిన్న పట్టణాల్లోనూ చేస్తారు. అడిగే తీరులో వెక్కిరింపు, దెప్పిపొడుపు లేకుండా చూసుకోండి. వెక్కిరిస్తూ అడిగితే నిజం రాదు.

సాయం అడిగినవాడు ఒకడున్నాడు, అతని మాట కూడా చెప్పుకుందాం. బర్టన్ పెరిగిన ఆ పోర్ట్ టాల్బట్‌లోనే 1937లో ఒక రొట్టెలవాడి కొడుకు పుట్టాడు. కుర్రతనంలో వెళ్లి బర్టన్ దగ్గర ఆటోగ్రాఫ్ తీసుకున్నాడు. పేరు ఆంథనీ హాప్‌కిన్స్. తనూ నటుడయ్యాడు, తనూ విపరీతంగా తాగాడు. న్యూయార్కులో 'ఈక్వస్' నాటకంలో ఆయన వేసిన వేషాన్ని తర్వాత బర్టన్ వేశాడు. కాలిఫోర్నియాలో ఒకసారి ఒళ్లు తెలియకుండా కారు నడిపాడు. ఎటు వెళ్తున్నాడో తెలియదు. ఎవరినైనా చంపేసి ఉండేవాణ్ణి అని తెలివొచ్చాక భయపడ్డాడు. తెలిసినవాళ్లతో నాకు సాయం కావాలి అన్నాడు. 1975 డిసెంబరు 29. అప్పటి నుంచి ముట్టలేదు. 'ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్'కు ఆస్కార్ వచ్చింది. 2021లో 83 ఏళ్ల వయసులో 'ద ఫాదర్'కు రెండో ఆస్కార్ వచ్చింది. మానేసిన ఆ తేదీని ప్రతి ఏడాదీ అందరికీ చెప్పి మరీ గుర్తుచేసుకుంటాడు.

మన దేశంలో అలా సాయం అడగడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు ఒకటుంది. తాగే మనిషే చేయనక్కర్లేదు, ఇంట్లోవాళ్లు ఎవరైనా చేయొచ్చు. పక్కన కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి. 14446. మళ్లీ చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు.